ఊరి గడిలో ఊరి పేరే రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఒక దేశం నుంచి మరో దేశానికి డబ్బు పంపే పద్ధతిలో నిబంధనలు మారుతున్నాయనీ, బ్యాంకులన్నీ అందుకు సిద్ధంగా ఉన్నాయనీ ఈమధ్య బిజినెస్ పేజీల్లో తరచూ చదువుతున్నాను. ఆ ‘సిద్ధం’ అనే మాట కనిపించినప్పుడల్లా నాకు కాస్త నవ్వు, కాస్త టెన్షన్ రెండూ వస్తాయి. ఆ సిద్ధపడటంలో ఎక్కడ తేడా జరిగినా అది చివరికి వచ్చి పడేది నా స్క్రీన్ మీదే. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించండి.

నేను ఒక బ్యాంకులో విదేశీ చెల్లింపుల విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగం కాదు. ఖాతాదారులెవరూ నా మొహం చూడరు. మీరు డబ్బు పంపితే అది మెషీన్లలోంచి దానంతటదే వెళ్లిపోవాలి. ఎక్కడో ఏదో తట్టుకుని ఆగిందనుకోండి, అప్పుడది ‘రిపేర్ క్యూ’ అనే వరసలో చేరి నా దగ్గరికొస్తుంది. ఖాతా నంబర్‌లో ఒక అంకె ఎక్కువైంది, చిరునామాలో దేశం లేదు, పేరు ఆంక్షల జాబితాలో ఉన్న ఎవరి పేరుతోనో కలిసింది, ఇలాంటివి. తెరిచి చూసి, తప్పేంటో తేల్చి, నా చేతిలో ఉన్నదైతే సరిచేసి వదులుతాను. లేదంటే పంపిన బ్యాంకుకు ఒక ప్రశ్న రాసి జవాబు కోసం చూస్తూ కూర్చుంటాను. అప్పటిదాకా ఆ డబ్బు అటూ కాదు, ఇటూ కాదు. పంపినవాళ్ల ఖాతాలోంచి పోయింది, అందుకోవాల్సినవాళ్ల ఖాతాలో పడలేదు.

డబ్బు గురించి బ్యాంకుల మధ్య కబుర్లు నడిచే దారి పేరు స్విఫ్ట్. 1973లో బెల్జియంలో పుట్టింది, 1977 నుంచి మెసేజ్‌లు నడుపుతోంది. స్విఫ్ట్‌లో డబ్బే ప్రయాణం చేస్తుందని చాలామంది అనుకుంటారు. చేయదు. ‘ఫలానావారికి ఇంత ఇవ్వండి, లెక్క మన మధ్య ఉన్న ఖాతాలో సర్దుకుందాం’ అని ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు కబురు పెడుతుంది, అంతే. ఆ కబురుకు దశాబ్దాల పాటు మేం వాడిన అచ్చు పేరు ఎంటీ 103. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నా చేత బట్టీ పట్టించింది దాన్నే. 32ఎ అంటే తేదీ, కరెన్సీ, మొత్తం. 50 అంటే పంపేవారు. 59 అంటే అందుకునేవారు. 70 అంటే దేనికోసం పంపుతున్నారో. 71ఎ అంటే ఛార్జీలు ఎవరి నెత్తిన. ఇప్పటికీ అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాను.

ఆ 59లో పేరూ చిరునామా కలిపి నాలుగు వరసలు, వరసకు 35 అక్షరాలు. టెలెక్స్ రోజుల నాటి పొదుపు అది. పేరు పొడుగైతే రెండో వరసలోకి జారుతుంది. డోర్ నంబర్, అపార్ట్‌మెంట్ పేరు, వీధి రాసేసరికి నాలుగో వరస అయిపోతుంది. చోటు చాలనప్పుడు మనిషి ఏం చేస్తాడు? చివరిది వదిలేస్తాడు. చిరునామాలో చివర ఉండేవి ఊరూ దేశమే కదా. అంటే డబ్బు ఏ దేశానికి సంబంధించిందో చెప్పే ముక్క ఏదుందో, అదే అన్నిటికన్నా ముందు తెగిపోయేది. దీనికి తోడు గుర్తుల గోల ఒకటి. పాత అచ్చులో ‘అండ్’ గుర్తు చెల్లదు, ఫ్లాట్ నంబర్ ముందు పెట్టే హ్యాష్ చెల్లదు, ఈమెయిల్‌లో ఉండే ‘ఎట్’ చెల్లదు. ఒక్క హ్యాష్ కోసం పొద్దున్నే వచ్చి కూర్చున్న రోజులు నాకు బోలెడు.

కొన్నేళ్ల కిందట జరిగింది ఒకటి చెప్తాను. ఒకాయన వేరే దేశంలో చదువుకుంటున్న కూతురికి గది అద్దె కోసం డాలర్లు పంపాడు. మొత్తం పెద్దదేమీ కాదు. డాలర్ చెల్లింపు గనక దారిలో ఒక అమెరికా బ్యాంకు గుండా వెళ్లాలి. అక్కడ ఆగింది. కారణం ఏమిటా అని తెరిచి చూస్తే, ఆ అమ్మాయి ఉండే వీధి పేరు హవానా స్ట్రీట్. క్యూబా మీద అమెరికా ఆంక్షలు 1962 నుంచీ ఉన్నాయి. హవానా క్యూబా రాజధాని. వడపోత సాఫ్ట్‌వేర్‌కు ఆ మాట కంటపడింది, టక్కున ఆపేసింది. ఆ అమ్మాయి ఉన్న ఊరికీ క్యూబాకీ ఏ సంబంధమూ లేదు. కానీ నాలుగో వరసలో ఊరి పేరు సగంలో తెగిపోయింది, దేశం అసలు లేనే లేదు. మిగిలిన చిరునామాలో ఊరిలా కనిపించే మాట హవానా ఒక్కటే.

అది వీధి పేరు, ఊరి పేరు కాదు అని నేను రాశాను. ఆధారం చూపించమన్నారు. అద్దె ఒప్పందం కాపీ తెప్పించి పంపాను. ఆ కాపీలో ఇంటి యజమాని పేరు కొత్తగా కనిపించిందని ఇంకో ప్రశ్న. మధ్యలో వారాంతం, అటువైపు ఒక సెలవు. తొమ్మిది పనిదినాలు పట్టింది. ఈలోగా ఆ తండ్రి బ్రాంచికి రోజూ ఫోన్ చేస్తున్నాడట. అక్కడివాళ్లు తట్టుకోలేక, రూల్ ప్రకారం చేయకూడని పని చేశారు, ఒకరోజు ఆయన ఫోన్ నాకే కలిపారు. ఆయన అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. “మేడమ్, క్యూబాలో మాకు ఎవరూ లేరు. ఆ వీధికి ఆ పేరు పెట్టింది మేం కాదు” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ అమ్మాయి అద్దె స్నేహితురాలి దగ్గర అప్పు చేసి కట్టిందని తర్వాత తెలిసింది.

అవతల ఆపిన ఉద్యోగిని నేను తప్పు పట్టను. వాళ్లూ నాలాంటివాళ్లే. కలిపి కుట్టిన ఆ నాలుగు వరసల్లో ఏది వీధో, ఏది పేటో, ఏది ఊరో తేల్చుకోవడానికి దారి లేదు. వదిలేసి తర్వాత తప్పని తేలితే పోయేది వాళ్ల ఉద్యోగం.

కొత్త పద్ధతి గురించి మొదట విన్నప్పుడు నాకు ఎందుకంత సంతోషం కలిగిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాని పేరు ఐఎస్ఓ 20022. ప్రమాణంగా మొదట వెలువడింది 2004లోనే. అందులో ఎంటీ 103 స్థానంలో వచ్చిన కబురు పేరు ప్యాక్స్ 008. పేరుకు 140 అక్షరాలు. చిరునామాకు పద్నాలుగు వేర్వేరు గడులు. వీధికి ఒకటి, భవనం నంబర్‌కు ఒకటి, అంతస్తుకు ఒకటి, పోస్టల్ కోడ్‌కు ఒకటి, ఊరికి ఒకటి, దేశానికి రెండక్షరాల కోడ్‌తో ఒకటి. హవానా వీధి గడిలో ఉండి, దేశం గడిలో వేరే దేశం ఉంటే ఆ తండ్రికి తొమ్మిది రోజులు ఫోన్ చేసే అవసరం వచ్చేది కాదు. పద్దెనిమిదేళ్లలో చాలా మార్పులు చూశాను. 2009 నవంబర్‌లో కవర్ చెల్లింపుల్లో (కబురు నేరుగా చివరి బ్యాంకుకు వెళ్లి, డబ్బు సర్దుబాటు మాత్రం మధ్య బ్యాంకుల గుండా జరిగేవి) అసలు పంపేవారి, అందుకునేవారి వివరాలు కూడా చేర్చాలన్నారు. 2018 నవంబర్‌లో ప్రతి చెల్లింపుకూ ఒక ట్రాకింగ్ నంబర్ తప్పనిసరి చేశారు. అవన్నీ మంచివే. కానీ నా పనిని నిజంగా తగ్గించగల మార్పు మాత్రం ఇదొక్కటే అనుకున్నాను.

ఈ మార్పుకు పెట్టిన ముహూర్తం మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడింది. దేశాల మధ్య చెల్లింపులకు 2021 నవంబర్ అన్నారు, తర్వాత 2022 నవంబర్ అన్నారు, చివరికి 2023 మార్చి 20న మొదలైంది. యూరప్ వాళ్ల పెద్ద చెల్లింపుల వ్యవస్థ కూడా అదే రోజు మారింది. అలాంటి వ్యవస్థలే అయిన ఇంగ్లండ్ చాప్స్ అదే ఏడాది జూన్‌లో, అమెరికా చిప్స్ 2024 ఏప్రిల్‌లో, అమెరికాదే ఇంకొకటి ఫెడ్‌వైర్ 2025 జూలై 14న మారాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడవడానికి 2025 నవంబర్ 22 దాకా గడువిచ్చారు. అది అయిపోయింది. ఇక మిగిలింది చిరునామా. గడులు లేకుండా వరసలుగా రాసిన చిరునామా 2026 నవంబర్ తర్వాత చెల్లదు. మధ్యేమార్గంగా ఒక వెసులుబాటు ఉంది. ఊరూ దేశమూ మాత్రం వాటి గడుల్లోనే ఉండాలి, మిగతాది 70 అక్షరాల చొప్పున రెండు వరసల్లో రాసుకోవచ్చు. అంటే ఎవరూ తప్పించుకోలేని గడులు రెండే: ఊరు, దేశం.

ఆ రెండున్నరేళ్ల జోడుబండి ప్రయాణం గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కొత్త రూపంలో వచ్చిన కబురును చదవలేని బ్యాంకుల కోసం దాన్ని పాత రూపంలోకి మార్చి రెండూ ఒకే కవరులో పెట్టి ఇచ్చేవారు. 140 అక్షరాల్లో వచ్చిన పేరు పాత అచ్చులో పట్టకపోతే కోసేసి, కోసిన చోట ఒక ప్లస్ గుర్తు పెట్టేవారు. పెన్నుతో గీసినంత చిన్న గుర్తు. దానర్థం ‘ఇక్కడ ఇంకా ఏదో ఉంది, మీకు కనిపించడం లేదు’ అని. మా గదిలో కొత్తగా చేరిన ఒక కుర్రాడు చాలా రోజులు దాన్ని ఎవరో పొరపాటున కొట్టిన అక్షరమనుకుని పట్టించుకోలేదు. వాడి తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. బ్యాంకులు ‘సిద్ధం’ అనుకున్న రోజుల్లో జరిగిన సంగతే ఇది కూడా.

ఇప్పుడు నా అసలు బాధకు వస్తాను.

మా దగ్గర ఈ మార్పు కోసం పెట్టిన ప్రాజెక్టు సమావేశాలకు నన్నూ పిలిచేవారు, అనుభవం ఉందని. ప్రతి సమావేశంలో తెర మీద ఒక పట్టిక చూపిస్తారు. ఎడమవైపు పనులు, కుడివైపు రంగు. ఎరుపు పోయి పసుపు వచ్చింది, పసుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. మెసేజ్ పంపగలం, ఆకుపచ్చ. అందుకోగలం, ఆకుపచ్చ. నేను చెయ్యెత్తి అడిగాను: మన ఖాతాదారుల చిరునామాలు మన రికార్డుల్లో ఎలా ఉన్నాయి? ఊరికి వేరే గడి ఉందా? ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఉన్నవి మూడు వరసలు. చిరునామా 1, చిరునామా 2, చిరునామా 3. ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు ఎవరో గుమాస్తా దొరికిన చోటల్లా ఎక్కించినవి. ఒకరి ఊరు రెండో వరసలో, ఇంకొకరిది మూడో వరసలో, మరొకరిది పోస్టల్ కోడ్‌తో అతుక్కుని. “అది వేరే ప్రాజెక్టు మేడమ్” అన్నారు. ఆ వేరే ప్రాజెక్టు పట్టిక ఏ రంగులో ఉందో ఇప్పటిదాకా నాకెవరూ చూపించలేదు.

మరి ఆ గడులు ఎలా నిండుతున్నాయి? రెండు రకాలుగా. మొదటిది తూతూ మంత్రం. గడి ఖాళీగా ఉంటే మెసేజ్ పోదు కాబట్టి ఏదో ఒకటి పెడతారు. ఇతర బ్యాంకుల నుంచి వచ్చే మెసేజ్‌ల ఊరి గడిలో నేను నా కళ్లతో చూసినవి చెప్తాను. ఒక చుక్క. మూడు ఎక్స్‌లు. ‘సిటీ’ అనే మాట. పోస్టల్ కోడ్. దేశం పేరే మళ్లీ. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ‘నాట్ ప్రొవైడెడ్’. ఇవ్వలేదు అని! ఎవరు ఇవ్వలేదు? ఖాతాదారుని ఎవరైనా అడిగితే కదా ఇవ్వడానికి.

రెండోది ఇంకా ప్రమాదం. అంచనా. పాత మూడు వరసల్ని ఒక సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తారు. అది చదివి ఇది వీధి, ఇది ఊరు, ఇది దేశం అని పంచి పెడుతుంది. చాలాసార్లు సరిగ్గానే పంచుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పంచలేని చోట కూడా పంచేయడమే దాంతో వచ్చిన చిక్కు. దేశాల రెండక్షరాల కోడ్‌లలో సీఏ అంటే కెనడా. అమెరికాలో చిరునామా చివర సీఏ అని రాస్తే అది కాలిఫోర్నియా రాష్ట్రం. డీఈ అంటే జర్మనీ, డెలావేర్ రాష్ట్రం కూడా అదే. ఐఎన్ అంటే ఇండియా, ఇండియానా రాష్ట్రం కూడా అదే. జార్జియా అయితే కోడ్ దాకా కూడా పోనక్కర్లేదు, పేరే ఒక దేశానికీ ఒక రాష్ట్రానికీ ఉంది.

పోయిన వారం నా క్యూలోకి వచ్చిందొకటి. మా ఖాతాదారుల్లో ఒకామె అనువాదాలు చేస్తుంది, చేసిన పనికి బయటి దేశం నుంచి డబ్బు వస్తోంది. పంపినవారి చిరునామా తెరిచాను. వీధి గడిలో వీధి ఉంది. ఊరి గడిలో శాక్రమెంటో. దేశం గడిలో సీఏ. అంటే ఈ మెసేజ్ ప్రకారం కాలిఫోర్నియా రాజధాని కెనడాలో ఉంది. పోస్టల్ కోడ్ గడి చూస్తే అమెరికా వాళ్ల ఐదంకెల నంబర్. ఇది మెషీన్ చేసిన పంపకమేనని నాకు చూడగానే తెలిసిపోయింది. అయినా వదలలేను. పంపినవారి దేశం అనేది నేను ఊహించి దిద్దే గడి కాదు. ప్రశ్న రాసి పంపాను.

నా బాధంతా ఇదే. మునుపు ఆ నాలుగు వరసల చిరునామాలో దేశం గడి అనేదే లేదు, తెగిపోయిన వరస చూస్తే ఏదో పోయిందని కనీసం అనుమానం వచ్చేది. ఇప్పుడు గడి నిండుగా ఉంది, లోపలున్నది తప్పు. నిండుగా కనిపించే గడిని అవతల కూర్చున్నవాళ్లు ఎందుకు అనుమానిస్తారు? హవానా గొడవ తప్పాలని తెచ్చిన పద్ధతే రేపు కొత్త హవానాల్ని పుట్టిస్తుంది. దీన్ని సిద్ధపడటం అంటే నేను ఒప్పుకోను. మెసేజ్ బయటికి పోతే బ్యాంకు సిద్ధమైనట్టు కాదు, పోయిన మెసేజ్‌లో నిజం ఉంటేనే.

దీనికి ఇంకో తొందర కూడా ఉంది. మనీ లాండరింగ్‌ను అరికట్టడానికి దేశాలు కలిసి పెట్టుకున్న ఎఫ్ఏటీఎఫ్ అనే సంస్థ, చెల్లింపులతో పాటు పంపేవారి వివరాలు కూడా వెళ్లాలన్న నియమాన్ని 2001 అక్టోబర్‌లో, న్యూయార్క్ దాడులు జరిగిన మరుసటి నెలలో తెచ్చింది. దాన్నే ఇప్పుడు సిఫార్సు 16 అంటారు. 2025 జూన్‌లో దాన్ని తిరగరాశారు. వెయ్యి డాలర్లు లేదా వెయ్యి యూరోలు దాటి మనుషుల మధ్య దేశాలు దాటే చెల్లింపుల్లో పేరు, చిరునామాతో పాటు పంపేవారి పుట్టిన తేదీ కూడా ఉండాలి. అందుకునేవారి పేరూ ఖాతా వివరాలూ పొసుగుతున్నాయో లేదో చూసుకునే ఏర్పాట్లు ఉండాలి. దేశాలకు 2030 ఆఖరు దాకా సమయం ఉంది. యూరో చెల్లింపుల్లో అయితే అందుకునేవారి పేరు సరిచూడటం 2025 అక్టోబర్ 9 నుంచే మొదలైంది.

మోసపోయి ఎవరికో డబ్బు పంపేసి లబోదిబోమనే కేసులు చూసిన దాన్ని గనక, పేరు సరిచూడటాన్ని నేను రెండు చేతులా స్వాగతిస్తాను. కానీ పేర్లు చిరునామాల కన్నా మొండివి. కొన్నిచోట్ల ఇంటిపేరు ముందొస్తుంది, కొన్నిచోట్ల చివర. కొందరికి ఉన్నదే ఒక్క పేరు. అలాంటివారికి అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు, మొదటి పేరు తెలియదు అని దానర్థం. ఆ వీసా చూపించి ఖాతా తెరిస్తే ఆ మూడక్షరాలూ పేరులో భాగమైపోతాయి. పంపేవాళ్లు అసలు పేరు రాస్తారు, ఖాతాలో వేరేగా ఉంటుంది. మెషీన్ కలవలేదంటుంది. ఇలాంటివాటిని మోసంగా కాకుండా పేరుగానే చూడటం మా ఉద్యోగులకు ఎవరు నేర్పుతున్నారు? పుట్టిన తేదీ సంగతీ అంతే. ఒక చెల్లింపు రెండు మూడు బ్యాంకుల చేతులు మారుతుంది. ఆ దారిలో ఉన్న ప్రతి బ్యాంకులోనూ నాలాంటివాళ్లు మీ పుట్టిన తేదీ చూడగలుగుతారు. నేను మంచిదాన్నే. అందరి గురించీ నేనెలా చెప్పను?

వేగం, ఖర్చుల గురించి కూడా వార్తల్లో రాస్తుంటారు. 2027 ఆఖరుకు దేశాల మధ్య చెల్లింపుల్లో నాలుగింట మూడొంతులు గంటలోపే ఖాతాలో పడాలని జీ20 దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ గడువుకు అది అందేలా లేదని ఆ పనిని గమనిస్తున్న ఫైనాన్షియల్ స్టెబిలిటీ బోర్డే 2025లో ఒప్పుకుంది. నాకైతే ఆశ్చర్యం లేదు. డబ్బు ఆలస్యమయ్యేది ఎక్కువగా దారిలో కాదు, చివరి బ్యాంకులో. కబురు నిమిషాల్లో వచ్చేస్తుంది. వచ్చాక నా క్యూలో కూర్చుంటుంది. మా పనివేళలు అయిపోతాయి, ఓ కాగితం కావాలంటాం, ఓ గడి ఖాళీ అంటాం.

ఖాతాదారులకు ఉపయోగపడే విషయం ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, బ్యాంకులు తమంతట తాము చెప్పడం నేను చూడలేదు. ట్రాకింగ్ నంబర్ అన్నానే, దాన్ని యూఈటీఆర్ అంటారు. మధ్యమధ్య అడ్డగీతలతో 36 అక్షరాల పొడుగుంటుంది. మీ డబ్బు ఆగిందనిపిస్తే ‘ఎక్కడుందో చెప్పండి’ అని అడగడం కన్నా ఆ నంబర్ ఇవ్వమని అడగండి. దాంతో ఏ బ్యాంకు దగ్గర ఆగిందో, దారిలో ఎవరు ఎంత ఛార్జీ కోసుకున్నారో చాలావరకు తెలుస్తుంది. నంబర్ చెప్పి అడిగిన ఖాతాదారుకు జవాబు త్వరగా రావడం నేను గమనించాను. ఎందుకంటారా? ఆయనకు తెలుసని మాకు తెలుస్తుంది.

బ్యాంకుల పెద్దలు మీ పత్రిక చదువుతారు గనక వాళ్లకు కూడా రెండు మాటలు. ఇంకా సమయం ఉంది. ఖాతాదారుని అడగండి. మెషీన్ పంచిన చిరునామాను ఒక్కసారి ఆయనకే చూపించి ‘మీ ఊరు ఇదేనా, మీ దేశం ఇదేనా’ అని ఒక మెసేజ్ పెట్టండి. ప్రకటనలకు రోజుకు మూడు మెసేజ్‌లు పంపగలిగినవాళ్లకు ఇది ఒక లెక్కా? డబ్బు పంపే ఫారంలో, యాప్‌లో ఊరికీ దేశానికీ వేరే గడులు పెట్టండి, దేశాన్ని జాబితాలోంచి ఎంచుకోనివ్వండి, మూడు వరసల పెట్టె తీసేయండి. మెషీన్‌కు నమ్మకం కుదరని చోట అంచనా వేయనివ్వకండి, మనిషికి చూపించనివ్వండి. ఆ మనిషిని నేనే అయినా ఫర్వాలేదు. బయటికి వెళ్లాక తొమ్మిది రోజులు దిద్దడం కన్నా వెళ్లకముందు రెండు నిమిషాలు చూడటం నాకూ సుఖం.

కొత్త పద్ధతిలో హ్యాష్ గుర్తు చెల్లుతోంది, ‘అండ్’ గుర్తు కూడా చెల్లుతోంది. దానికి మా గదిలో మేం స్వీట్లు పంచుకోలేదు గానీ, దాదాపు అంత పనీ చేశాం. అయితే ఈ దారిలో లిపి మాత్రం ఇంగ్లీషు అక్షరాలదే. మన పేరును ఆ అక్షరాల్లో ఖాతాలో ఎలా రాయించుకున్నామో, పంపేవాళ్లకు కూడా అలాగే రాసివ్వడం మంచిది. ఒక ‘హెచ్’ ఎక్కువా తక్కువా అయితే మనకు తేడా తెలియదు, మెషీన్‌కు తెలుస్తుంది.

ఈ ఉత్తరం రెండు రాత్రుల్లో రాశాను. శాక్రమెంటో ఏ దేశంలో ఉందో చెప్పమని నేను పంపిన ప్రశ్నకు ఇవాళ సాయంత్రం దాకా జవాబు రాలేదు. ఆరో రోజు. ఆ అనువాదకురాలు ఇవాళ బ్రాంచికి రెండోసారి ఫోన్ చేసిందట. రేపు పొద్దున్నే వెళ్లి ఇంకోసారి రాయాలి.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని
(పేరు, బ్యాంకు పేరు ప్రచురించవద్దని మనవి)